రేణుక ఎలా కూర్చుంటుందో అడగలేదు

1992లో షోలాపూర్‌లో, తెలుగు నేతవాళ్ళుండే జోడ్‌భావి పేట్‌లో నాకొక గది ఉండేది. అందులో ఒక బల్ల, ఒక స్టూలు, గోడకు కప్పీ, తాడు, మూలన షార్ట్‌వేవ్ డయాథెర్మీ యంత్రం. కండరాల లోపల కరెంటుతో వేడి పుట్టించే యంత్రమది. దాని పుణ్యమా అని పేటంతా నన్ను కరెంటు డాక్టరు అనేవారు. కరెంటు పోతే ఒట్టి డాక్టరునని నా ఆశ. బయట బోర్డు మీద ఫిజియోథెరపిస్ట్ అని రాయించాను. అది చూసి మొదటి నెలలో ఇద్దరు పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చారు. రెండో నెలలో వాళ్ళు కూడా రాలేదు.

నా ప్రాక్టీసు నడవాలంటే జనానికి నడక కష్టం కావాలి. చెప్పుకోవడానికి బాగుండదు కానీ నిజం. మా పేటల్లో ఆ కొరత లేదు. మగవాళ్ళు పవర్‌లూమ్‌ల ముందు పొద్దంతా నిలబడేవారు, ఆడవాళ్ళు బీడీల చాట ముందు పొద్దంతా కూర్చునేవారు. మగవాళ్ళు కాళ్ళనొప్పులని నా దగ్గరికి వచ్చేవారు. ఆడవాళ్ళు ఆ మగవాళ్ళను పట్టుకుని వచ్చేవారు.

మా అమ్మ కూడా బీడీలు చేసే నన్ను చదివించింది. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. తర్వాత నేను చేసిన పొరపాటుకు ఇది సాకుగా పనికిరాదు గానీ సాక్ష్యంగా పనికొస్తుంది.

ఆ ఏడాది జూలైలో ఒక బడి పీటీ మాస్టారు ఎనిమిదో తరగతి అమ్మాయిని తీసుకొచ్చాడు. పేరు రేణుక. ఖో-ఖో ఆడుతుంది. తరిమే జట్టువాళ్ళు వరసగా గొంతుకు కూర్చుని ఉంటారు. వెనక నుంచి ఎవరైనా వీపు తట్టి ‘ఖో’ అనగానే లేచి ఉరకాలి. “ఈ పిల్ల మాట సగం వినగానే సగం దూరం పోయి ఉంటుంది” అన్నాడు మాస్టారు మరాఠీలో. ఇప్పుడు మాత్రం ఆమె గడప దాటడానికే గోడ పట్టుకుంది. వెనకాలే వచ్చిన తల్లి నర్సుబాయి తలుపు పక్కన నేల మీద కూర్చుంది. ఉన్న ఒక్క స్టూలూ పేషెంటుది.

రేణుక కుడి మోకాలి చిప్పకు రెండు వేళ్ళ కింద రేగుపండంత బొడిపె ఉంది. వేలితో నొక్కాను. పిల్ల అరవలేదు, కింది పెదవి కొరుక్కుంది.

“ఎప్పటి నుంచి అక్కా?”

“హోళీ నుంచి తమ్మీ. మా గల్లీల ఒకామె నూనె రాసి పిసికింది. ఇటుక కాల్చి కాపింది. ఇంకింత ఉబ్బింది.”

“ఇటుకనా?”

“ఇటుకనే. ఇల్లు కట్టేటిది.”

ఎక్స్‌రే వాళ్ళ దగ్గరే ఉంది. ఎముక విరగలేదు. పెద్ద దవాఖాన డాక్టరు ఆస్‌గుడ్-ష్లాటర్ అని రాసి నా దగ్గరికి పంపాడు. తొడ ముందరి కండరం మోకాలి చిప్ప మీదుగా ఒక గట్టి పట్టీలా దిగి, కాలి ఎముకను పట్టుకుంటుంది. ఆ పట్టీని టెండన్ అంటాం. ఎదిగే పిల్లల్లో అది పట్టుకునే చోట ఎముక ఇంకా మెత్తగా ఉంటుంది. మళ్ళీమళ్ళీ లాగితే అక్కడ వాచి, బొడిపె కడుతుంది. ఇదంతా నర్సుబాయికి వివరంగా చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

“పేరే నోరు తిరుగుతలేదు. పానం తీసేటిదా?”

“కాదక్కా. ఎదిగే పిల్లలకు వచ్చేదే. ఆట బంద్ చేసి ఇంట్ల ఉంటె రెండు మూడు నెలల్ల తగ్గుతది.”

“ఇగో, పీటీ సర్ ముందలనే చెప్తున్న. దసరా దాకా చూస్త. కాలు మంచిగ కాకుంటె శాళల పేరు తీపిస్త. ఆట పోయినంక శాళ కశాలా? చాట ఉండనే ఉంది.”

శాళ అంటే బడి. కశాలా అంటే ఎందుకని. మా పేటల్లో ఒక వాక్యానికి రెండు భాషలైనా ఉంటాయి. ఆమె మాటలో కోపం లేదు. రేణుక అక్కలిద్దరూ అప్పటికే చాట ముందుకు చేరారు. మూడోది కూడా చేరేదే. మాస్టారు ఇంటికి వెళ్ళి బతిమాలడం వల్ల ఆగింది. కాబట్టి ఆ పిల్లకు ఖో-ఖో ఉంటేనే బడి. మోకాలు ఉంటేనే ఖో-ఖో. ఆ మోకాలు ఇప్పుడు నా చేతిలో ఉంది. రేణుక మా ఇద్దరినీ చూడకుండా గోడకున్న కప్పీనే చూస్తూ కూర్చుంది.

నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. రోజూ మూడుసార్లు బట్టలో మంచుగడ్డ చుట్టి పెట్టమన్నాను. పరుగు, గెంతు, గొంతుకు కూర్చోవడం పూర్తిగా బంద్. బడిలో తరగతి రెండో అంతస్తులో ఉందని తెలిసి కొన్నాళ్ళు బడి కూడా మాన్పించాను. తొడ కండరం బలపడటానికి క్వాడ్రిసెప్స్ వ్యాయామాలు నేర్పి, కుర్చీలో కూర్చున్న మనిషి కాలు చాపుతున్న బొమ్మ గీసిన కాగితం ఇచ్చాను. బొమ్మ నేనే గీశాను. కుర్చీ బాగా కుదిరింది, మనిషే సరిగా రాలేదు.

ఆరు వారాలు గడిచాయి. మోకాలు తగ్గలేదు సరికదా, బొడిపె ఎర్రబడింది. ఇలాంటప్పుడు వైద్యం చేసేవాడికి రెండు దారులుంటాయి. తనను అనుమానించుకోవడం, పేషెంటును అనుమానించడం. నేను దగ్గరి దారి పట్టాను.

“రేణుకా, నిజం చెప్పు. మైదాన్‌కు పోతున్నవ్ గదా?”

“లేదు సర్.”

“సాయంత్రం గల్లీల ఆడుతున్నవా?”

“లేదు సర్. పొద్దుగాల నుంచి పొద్దుగూకెదాంక ఇంట్లనే కూసుంటున్న.”

ఆ మాట పేషెంటు కార్డులో రాసుకున్నాను కూడా. రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. జవాబు నా ముందే ఉంటే దానికి ప్రశ్న తగిలించిన ఘనత నాది. నర్సుబాయిని బయటికి పిలిచి, “బిడ్డ అబద్ధమాడుతున్నది అక్కా, దొంగతనంగ ఉరుకుతున్నది” అని చెప్పాను. ఆమె పిల్లను రెక్క పట్టుకుని తీసుకుపోయింది. మరుసటి వారం వాళ్ళు రాలేదు. నిజం చేదుగా ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను.

పది రోజుల తర్వాత దాజీ పేట్‌లో పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనకు వ్యాయామం చేయించడానికి వెళ్ళాను. రేణుక వాళ్ళ ఇల్లు ఆ పక్కనే. తలుపు తెరిచే ఉంది. లోపల తల్లి, ముగ్గురు కూతుళ్ళు, నాలుగు చాటలు.

“దా తమ్మీ, కూసో,” అంది నర్సుబాయి చేతులు ఆపకుండా. “సూడు, దొంగ ఎట్ల ఉరుకుతుందో.”

అక్కలిద్దరూ తలవంచుకుని నవ్వారు. రేణుక నవ్వలేదు. తడి ఆకు కత్తిరించడం, పొగాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. ఆమె వేళ్ళు ఖో-ఖో వేగంతో ఆడుతున్నాయి. నేను చాప మీద కూర్చుని, చాయ్ తాగి, వానల గురించి మాట్లాడాను. పది నిమిషాల పాటు నాకు అక్కడ తప్పేమీ కనబడలేదు. మా ఇంట్లో అమ్మ, పిన్ని, అక్కలు అచ్చం అలాగే కూర్చునేవారు. అలవాటైన దృశ్యానికి ఎవరూ ఎక్స్‌రే తీయరు.

“మామకు నీల్లు తేపోయే,” అంది తల్లి నన్ను చూపిస్తూ.

రేణుక చాట పక్కన పెట్టింది. కుడి కాలు మొత్తం ఆమె కింద మడిచి ఉంది. మడమ మీద ఒంటి బరువు, నేలకు ఆనిన మోకాలు. రెండు చేతులతో పాదాన్ని పట్టుకుని, ఎవరిదో సామాను బయటికి తీసినట్టు ఆ కాలిని బయటికి తీసింది. మెల్లగా చాపింది. కాసేపు ఆగింది. అప్పుడు లేచింది. బొడిపె మీద చాప అల్లిక అచ్చు గళ్ళుగళ్ళుగా పడి ఉంది.

ఆమె తెచ్చిన నీళ్ళ గ్లాసు నేను అందుకోలేదు.

“అక్కా, దినాం ఎన్ని గంటలు గిట్ల కూసుంటది?”

“ముందుగాల శాళ నుంచి వచ్చినంక రెండు గంటలు, మూడు గంటలు. ఇప్పుడేంది, నువ్వే ఇంట్ల ఉంచుమంటివి. పొద్దంత కూసుంటది.”

ఖో-ఖోలో ఆ పిల్ల మోకాలు మడిచేది క్షణాల పాటు. నా చికిత్సలో మడిచింది పది గంటల పాటు. కాలు అంతగా మడిచినప్పుడు ఆ టెండన్ మెత్తటి ఎముకను లాగుతూనే ఉంటుంది, కింద నుంచి నేల ఒత్తుతూనే ఉంటుంది. ఎలా ఉరుకుతావు, ఎలా గెంతుతావు, మెట్లెలా ఎక్కుతావు అని అన్నీ అడిగాను. ఎలా కూర్చుంటావని మాత్రం అడగలేదు.

“రేణుకా, తప్పు నాది,” అన్నాను. “నువ్వు చెప్పింది నిజమే.”

ఆ పిల్ల మొదటిసారి నా ముఖం చూసింది. “ఇటుకనే నయముండె మామా. పది నిమిషాలకు తీసేటోల్లు.”

అక్కలు ఈసారి గట్టిగానే నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

ఇక పిల్ల కాలు మడవకుండా కూర్చోవాలి. గోడకు నా కాగితం అంటించి ఉంది. అందులో కుర్చీ ఉంది, ఇంట్లో లేదు. పిల్ల వ్యాయామాలు నా గదిలో చేసినవే తప్ప ఇంట్లో చేయలేదని అప్పుడు తెలిసింది. ఇంటి మధ్యలో నేల మీద నాలుగు చెక్క పలకలు పరిచి ఉన్నాయి.

“వీటి కింద ఏముంది?”

“మా మామ మగ్గం గుంట. మగ్గం అమ్మినంక నేను ఆకు పెట్టుకుంటున్న. సల్లగుంటది.”

ఆమె మామగారి కోసం నేలలో తవ్విన గుంట అది. నేసేవాడు దాని అంచు మీద కూర్చుని కాళ్ళు లోపలికి వదిలి మగ్గం తొక్కుతాడు. అంటే కుర్చీ లేని ఇంట్లో నేలే కుర్చీ.

“తెరువుండ్రి అక్కా. రేణుక ఇక్కడ కూసుంటది.”

“గుంటల కూసున్నోల్లు ఏం బాగుపడ్డరు తమ్మీ? మా మామ నలభై ఏండ్లు కూసున్నడు.”

“ఆయనకు మోకాళ్ళు నొచ్చినయా?”

నర్సుబాయి చేయి ఆగింది. “నడుము నొచ్చె. కండ్లు మసకలాయె. మోకాల్లు...” ఇంకాస్త ఆలోచించింది. “మోకాల్లని ఎన్నడు అనలే.”

బేరం అరగంట సాగింది. ఆకు తడి గోనెసంచిలో చుట్టి మూలకు పోయింది. చాట పని మళ్ళీ రెండు గంటలకు దిగింది, అదీ గుంట అంచు మీదే, కుడి కాలు అడ్డంగా వేసిన పలక మీద చాపి. బడికి మళ్ళీ పోవాలి, మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కాలి. సాయంత్రం అదే అంచు మీద కూర్చుని కాలు చాపే వ్యాయామం, మొదట ఒట్టి కాలితో, తర్వాత చీలమండకు చిన్న ఇసుక సంచి కట్టి.

మోకాలు పంచాంగం చూసి తగ్గదు. దసరా వచ్చేసరికి నొప్పి సగమే తగ్గింది. పండగ మర్నాడే నర్సుబాయి కూతురితో నా గదికి వచ్చి, తలుపు పక్కన తన చోట కూర్చుంది.

“దసరా అయింది తమ్మీ.”

“అక్కా, సగమే తగ్గింది,” అన్నాను. ఇంకేమైనా కలపాలనిపించింది, కానీ ఈ కేసులో అప్పటికే ఎక్కువ మాట్లాడాను.

ఆమె కూతురి మోకాలిని కాసేపు చూసింది. “హోళీకి వచ్చింది, హోళీకి పోనియ్. అందాంక చూస్త.” గోడ పట్టుకుని లేచింది. రేణుక నా స్టూలు మీద నుంచి అంతకంటే తేలిగ్గా లేచింది.

తర్వాత అన్నీ మెల్లగానే జరిగాయి. చలికాలంలో నేరుగా ఉరకడం, ఆ తర్వాత మలుపులు, చివర్న గొంతుకు కూర్చుని లేవడం. ఆ ఏడు జిల్లా జట్టు పోటీలకు ఆమె లేకుండానే వెళ్ళింది. మరుసటి ఏడు ఆమెతో వెళ్ళి రెండో ఆటలో ఓడి వచ్చింది. బొడిపె పోలేదు, అది పోదు. నొప్పి పోయింది. రేణుక పదో తరగతి దాకా ఆడింది, పదో తరగతి దాకా చదివింది.

అసలు సంగతి హోళీ తర్వాత జరిగింది. చివరిసారి చూసి కార్డు మూసేద్దామని దాజీ పేట్ వెళ్ళాను. రేణుక మైదానంలో ఉంది. పెద్ద పిల్లలిద్దరూ చేసిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయారు. ఇంట్లో నర్సుబాయి ఒక్కతే ఉంది. గుంట అంచు మీద కూర్చుని, కాళ్ళు లోపలికి వదిలి, ఒళ్ళో చాట పెట్టుకుని ఉంది. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

“ఏంది తమ్మీ గట్ల చూస్తవ్? మోకాల్లు దానికే ఉన్నయా?”

“ఎప్పటి నుంచి నొస్తున్నయక్కా?”

“పెద్దది కడుపుల ఉన్నప్పటి నుంచి.”

పెద్దదానికి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. ఎనిమిది నెలల్లో ఆమె నా గదికి ఎన్నోసార్లు వచ్చింది. ప్రతిసారీ నా ముందే నేల మీద కూర్చుంది, ప్రతిసారీ గోడ పట్టుకుని లేచింది. నేను ప్రతిసారీ స్టూలు మీదున్న మోకాలినే చూశాను. రేణుక కార్డు జేబులో పెట్టి, కొత్త కార్డు తీసి నర్సుబాయి పేరు రాశాను.

ఆ వారమే నా గదిలోకి రెండో స్టూలు, ఒక పాత చాట వచ్చాయి. చాట చూసి, “బీడీలు సుత చేస్తవా డాక్టర్ సాబ్?” అని అడిగినవాళ్ళున్నారు. కరెంటు లేనప్పుడు చేస్తానని చెప్పేవాణ్ణి. మోకాలి నొప్పితో ఎవరొచ్చినా మొదట కింద కూర్చుని చూపించమంటాను. తోడుగా వచ్చిన మనిషి ఎలా లేస్తుందో చూసేదాకా కార్డు మూయను.