గేటు బయట షామియానా

మొన్న పొద్దున నారాయణగూడ మార్కెట్‌లో కూరగాయలు కొనుక్కుని వస్తుంటే, చౌరస్తాలో పోలీసువాళ్లు కట్టిన పెద్ద ఫ్లెక్సీ కనిపించింది. డ్యూటీలో ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్ల ఫొటోలు వరుసగా వేసి, ముందు ఒక బల్ల మీద పూలు పెట్టారు. ఏటా పెట్టేదే, ఏటా నేను తల తిప్పుకుని పోయేదే. ఈసారి మాత్రం మోకాళ్లు సహకరించక సంచి కింద పెట్టి నిలబడ్డాను, నిలబడ్డాక చూడక తప్పలేదు. రెండో వరుసలో ఆయన ఉన్నాడు. నాకు అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి గానీ ఆయనకింకా ముప్పై రెండే.

పక్కనే ఒక అమ్మాయి నిలబడి ఉంది. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి ఎస్సై పరీక్షకు చదువుతున్నదట. నేను ఒకే ఫొటో వైపు చూస్తుండడం గమనించి, "తెలిసినోళ్లా ఆంటీ?" అని అడిగింది. "మా ఇంట్లనే కిరాయికుండె బిడ్డా" అన్నాను. ఆ మాటలో ఎంత గొప్ప పలికిందో నాకే వినిపించింది. "గ్రేట్ ఆంటీ మీరు" అని ఆ పిల్ల నా సంచి అందుకుని ఆటో దాకా మోసుకొచ్చింది. ఆమెకు చెప్పని మిగతా సగం మీకు చెబుదామని కూర్చున్నాను. నా ఈడు వాళ్లు, పైవాటా కిరాయికిచ్చిన ఇళ్లలో కోడళ్లుగా బతికినవాళ్లు మీలో ఉంటే, ఇదేమిటో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

చిక్కడపల్లిలో మా అత్తగారిది చిన్న డాబా ఇల్లు. కింద మేము, పైన రెండు గదులు కిరాయికి. ముందు నాపరాళ్లు పరిచిన వాకిలి, దానికో ఇనుప గేటు. ఆయన కానిస్టేబుల్ అని తెలిసినప్పుడు మా అత్తమ్మ ఇల్లియ్యనన్నది, పోలీసోళ్లు ఒకసారి దిగితే ఖాళీ చేయరని ఆ రోజుల్లో అందరూ అనుకునేవాళ్లు. కానీ చంకలో రెండేళ్ల పాపతో గేటు దగ్గర నిలబడిన ఆయన భార్యను చూసి, ఎందుకో మెత్తబడింది. ఆ పిల్ల నాకంటే ఆరేడేళ్లు చిన్నది, నల్గొండ వైపు పల్లె నుంచి కొత్తగా పట్నం వచ్చింది. వారం తిరక్కముందే నన్ను అక్కా అన్నది, నేను చెల్లె అన్నాను. కరెంటు పోయినప్పుడు మెట్ల మీద కూర్చుని ఇద్దరం చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ చెప్పుకున్న కబుర్లకు లెక్కలేదు. ఇవాళ అవన్నీ ఏమిటని అడిగితే ఒక్కటీ గుర్తు లేదు, ఆమె నవ్వేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం మాత్రం గుర్తుంది.

ఆయన మాట తక్కువ మనిషి. నన్ను వదినా అనేవాడు గానీ తలెత్తి మాట్లాడేవాడు కాదు. నల్లా రాని రోజు డ్యూటీ నుంచి వచ్చి యూనిఫాం కూడా విప్పకుండా బోరింగు దగ్గర మా బిందెలు కూడా నింపి పెట్టేవాడు. ఒకసారి ఊళ్లో గొడవలై ఉన్నట్టుండి కర్ఫ్యూ పెడితే, కోఠీలో చదువుకుంటున్న మా ఆడబిడ్డ ఇంటికి చేరలేదు. మా మామగారు గేటు దగ్గర అటూ ఇటూ తిరుగుతుంటే, ఆయన సైకిలు తీసి సుల్తాన్ బజార్ దాకా పోయి, మూసిన దుకాణం అరుగు మీద ఏడుస్తూ కూర్చున్న పిల్లను వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. మా అత్తమ్మ ఆ రోజు ఆయన చేతులు పట్టుకుని, "నా కడుపున పుట్టకపోతివి కొడుకా" అన్నది. ఆ మాట నిజంగానే అన్నది, నేను విన్నాను.

వాళ్లు మా ఇంట్లో దిగిన మూడో ఏడు, మా ఆడబిడ్డకు సంబంధం కుదిరి లగ్గం పెట్టుకున్నాం. ఇంకా పదకొండు రోజులుందనగా, ఒక మధ్యాహ్నం దోమలగూడ సందులో ముసలామె మెడలో గొలుసు తెంపుకుని పారిపోతున్నవాణ్ని ఆయన వెంటపడి పట్టుకున్నాడు. వాడి దగ్గర కత్తి ఉంది. రెండుసార్లు పొడిచినా పట్టు వదల్లేదని, తోటి పోలీసు పరుగెత్తుకొచ్చి వాణ్ని ఒడిసి పట్టాకే కింద కూలబడ్డాడని తర్వాత చెప్పారు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

మర్నాడు పొద్దున వాళ్ల స్టేషన్ పెద్దాయన వచ్చి, శవాన్ని ఊరికి తీసుకుపోయే ముందు రెండు గంటలు ఇంటి దగ్గర ఉంచుతామని, అధికారులు వచ్చి దండం పెట్టుకుని పోతారని మామగారితో చెప్పాడు. మామగారు మా అత్తమ్మ వైపు చూశారు. ఆమె కళ్లు తుడుచుకుంటూనే తల అడ్డంగా ఊపింది. ఇంట్లో పెండ్లి ఉందని, పరాయివాళ్ల శవం గేటు లోపలికి వస్తే కీడని, ఏమీ అనుకోవద్దని మామగారు చేతులు జోడించారు. ఆ పెద్దాయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. అప్పుడు మా అత్తమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు పోయి చెప్పు బిడ్డా, నువ్వు చెప్తే ఇంటది" అన్నది.

ఆ పదహారు మెట్లు నేనెట్లా ఎక్కానో తెలియదు. పైన చెల్లె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, ఇంకా ఊరి నుంచి వాళ్లవాళ్లెవరూ రాలేదు. నేను ఏవేవో చుట్టూ తిప్పి మొదలుపెడితే మధ్యలోనే అర్థం చేసుకుంది. "పెండ్లి ముంగటున్నది గదక్కా. మీరు మాత్రం ఏంజేస్తరు? రోడ్డు మీదనే పెట్టమని చెప్త" అన్నది. అని, నిద్రపోతున్న పాపను ఎత్తి నా చేతికిచ్చింది.

మా గేటుకు నాలుగడుగుల దూరంలో, రోడ్డు మీద షామియానా వేశారు. బస్సులను ఇంకో దారి మళ్లించారు. పూలదండలతో అధికారులు వచ్చారు, వరుసగా నిలబడి సెల్యూట్ చేశారు. మా బజారు బజారంతా మేడల మీద నిలబడి చూసింది. నేను పాపను ఒళ్లో వేసుకుని లోపలి గదిలో కిటికీ పక్కన కూర్చున్నాను, పిల్లను చూసుకుంటున్నాను గదా అని నాకు నేనే చెప్పుకుంటూ. పాప నిద్రపోతూనే ఉంది. చాప మీద పడుకోబెట్టి పోవచ్చు, పోతే అత్తమ్మ కూడా అడ్డం పడేది కాదు. మా ఆడబిడ్డ ఎవరినీ అడగలేదు. పసుపు దంచిన చేతులతోనే గేటు తీసుకుని పోయి, పెండ్లికూతురు పోగూడదని ఎవరో అంటున్నా వినకుండా, చెల్లె పక్కన రోడ్డు మీద కూర్చుంది. కాసేపటికి ఒక లేడీ కానిస్టేబుల్ వచ్చి, కడసారి చూపుకని నా ఒళ్లోంచి పాపను తీసుకుపోయింది. అప్పుడు నా ఒడి ఖాళీ అయింది గదా, అప్పుడైనా లేవలేదు.

పెండ్లి బాగానే జరిగింది. ఏ కీడూ తగల్లేదు. మా ఆడబిడ్డ పిల్లాపాపలతో చల్లగా ఉంది. చెల్లె మాత్రం ఊరి నుంచి మళ్లీ మా ఇంటికి రాలేదు, తమ్ముడు వచ్చి సామాను తీసుకుపోయాడు.

తొమ్మిదేళ్లకనుకుంటాను, నారాయణగూడ బస్టాపులో ఆమే నన్ను గుర్తుపట్టి పలకరించింది. పోలీసు ఆఫీసులోనే గుమాస్తా ఉద్యోగం ఇచ్చారట, పాప ఎనిమిదో తరగతట. మనిషి చిక్కింది, కళ్లజోడు వచ్చింది. ఎన్నాళ్లుగానో కూడబెట్టుకున్న మాటలు ఎట్లాగో బయటికి తీసి, ఆ రోజు గేటు తీయనందుకు మమ్మల్ని క్షమించమన్నాను.

ఆమె, "గేటు తియ్యకపోతే తియ్యకపోతిరక్కా, అది పెద్దోళ్ల మాట. నువ్వు బయటికొచ్చి నా పక్కన కూసుంటే ఎవరొద్దన్నరు? మీ ఆడబిడ్డ వచ్చింది. నేను నీ కోసం చూసిన" అన్నది. కోపంగా అనలేదు. అంతలో బస్సు వచ్చింది, పోయొస్తనక్కా అని ఎక్కేసింది. ఏ ఆఫీసో, ఏ బస్తీలో ఉంటున్నదో అడగాలని కూడా నాకు తోచలేదు. మళ్లీ కనబడలేదు.

మా అత్తమామలు పోయారు. ఇల్లు పడగొట్టి ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ కట్టారు, మూడో అంతస్తులో మా వాటా. ఇప్పుడు ఎవరైనా పోతే ఇంటికి తేవాలా వద్దా అన్న మాటే రాదు, ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికే. పోయిన నెల నాలుగో అంతస్తులో కిరాయికున్న టీచరమ్మ భర్త పోయాడని వాచ్‌మన్ చెబితే, చేస్తున్న పని వదిలేసి, చీర మార్చుకుని, కింద కాసేపైనా ఉంచుతారనుకుని, ఆమె పక్కన కూర్చుందామనే లిఫ్టులో దిగాను. సెల్లార్‌లో షామియానా లేదు, కుర్చీలు లేవు. వ్యాను వచ్చి ఐదు నిమిషాలు ఆగి, ఆమెను కూడా ఎక్కించుకుని వెళ్లిపోయిందట.