నిలబడిన నీళ్ళు

మైలవరంలో నాకు మటన్ కొట్టు ఉండేది. నలభై ఏళ్ళు మేక గుండెలు కోశాను, ఒక్కదాని లోపలికీ తొంగి చూడలేదు. పైన గొట్టాలు తీసి పారేయడం, నాలుగు చీలికలు చేసి నెత్తురు కడగడం, తూకం వేయడం. అంతే నాకు తెలిసిన గుండె.

యాభై దాటాక వయోజన బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. అదే కొంప ముంచింది. మా ఆవిడకు ఆయాసం వస్తుంటే విజయవాడ తీసుకెళ్ళాను. గుండెలో ఒక వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదు, ఆపరేషన్ చేసి మార్చాలి అన్నాడు డాక్టరు. సంతకానికి కాగితం ఇచ్చారు. వేలిముద్రగాణ్ణయితే ఒత్తమన్నచోట ఒత్తేవాణ్ణి. నేను కూడబలుక్కుని చదివాను. ‘ప్రాణాపాయం’ అన్నచోట ఆగిపోయాను.

“గుండె కోస్తే ఏమవుద్దో నాకు చెప్పకండి. రోజూ కోస్తుంటాను.”

“మీరు కోసేటప్పటికి మేక చచ్చిపోయి ఉంటుంది కదండీ!”

నాకు ఒళ్ళు మండింది. సంతకం పెట్టకుండా మందులు రాయించుకుని, ఆపరేషన్ అక్కర్లేదని చెప్పి ఆవిణ్ణి బస్సెక్కించాను.

ఏడాది తిరిగాక హైస్కూలు సైన్సు టీచరమ్మ పిల్లలకు చూపించడానికి మేక గుండె కావాలంది. అలవాటు కొద్దీ శుభ్రం చేసి ఇచ్చాను. మర్నాడు కొట్టు ముందుకొచ్చి నిలబడింది.

“ఏంటి భాయ్ గారూ, వేపుడు ముక్కలిచ్చారు! గొట్టాలతో సహా కావాలండీ నాకు.”

సిగ్గేసి, ఈసారి నేనే బడికి పట్టుకెళ్ళాను. కొవ్వు తీసిపెట్టమంటే ఉండిపోయాను.

టీచరమ్మ ఆ మేక గుండె కింది కొస కోసేసి, పై పెద్ద గొట్టంలో గ్లాసుతో నీళ్ళు పోసింది. కింద తెరిచే ఉంది కదా, కారిపోతాయనుకున్నాను. నిలబడ్డాయి. గొట్టం మొదట్లో మూడు పొరలు, ఉల్లిపొరంత పల్చన, ఒకదానికొకటి ఆనుకుని నీళ్ళను మోస్తున్నాయి.

“ఇదే వాల్వ్. బయటికెళ్ళిన రక్తాన్ని వెనక్కి రానివ్వదు,” అంటూ కత్తెర మొనతో ఒక పొర చీల్చింది. నీళ్ళు బొళుక్కున కిందికి పోయాయి. పిల్లలు నవ్వారు.

“మనిషికి ఇలా అయితే ఏమవుద్ది మేడం?” అని ఒక అమ్మాయి అడిగింది.

“వెనక్కొచ్చింది కూడా మళ్ళీ నెట్టాలిగా. నెట్టీ నెట్టీ గుండె ఉబ్బిపోతుంది. అందాకా రానివ్వకుండా వాల్వ్ మార్చేస్తారు.”

మర్నాడే మా ఆవిణ్ణి తీసుకుని విజయవాడ వెళ్ళాను. డాక్టరు పరీక్షలన్నీ మళ్ళీ చేయించి, నన్నొక్కణ్ణే లోపలికి పిలిచాడు.

“సంతకం పెడతానండీ, కాగితం ఇవ్వండి.”

“గుండె బాగా ఉబ్బిపోయిందండీ. ఇప్పుడు ఆపరేషన్‌కి తట్టుకోదు.”

తిరుగు బస్సులో ఆవిడ అడిగింది. “మళ్ళీ ఆ కాగితం ఇచ్చారా?”

“లేదు. అక్కర్లేదన్నారు.”

“చూశావా, నువ్వు అప్పుడన్నదే నిజమైంది,” అంది. చదువుకున్న మొగుడని ఆవిడకు నా మీద ఎప్పుడూ గొప్పే.

నిజం చెప్పడానికి ఆ తర్వాత నాకు మూడు నెలలు దొరికాయి. చెప్పలేదు.