తుడిచేసిన అంకె

ఆ రోజు గాజుబిళ్లలో నిజంగానే గాలిబుడగ పడిందా? మా ఫిజిక్స్ సార్ పోయారని పోయిన నెల ఫోను రాగానే నాకు ముందు కన్నీళ్లు రాలేదు, ఈ ప్రశ్నే వచ్చింది. ఏళ్లుగా మోస్తున్నాను. ఇక అడగడానికి మనిషి లేరు.

మార్కాపురం కాలేజీలో నాకు పాఠం చెప్పిన సార్, రిటైరయ్యాక మా వీధిలోనే, వాళ్లింటి వరండాలో నీళ్లు పరీక్షించేవారు. అగ్గిపెట్టెంత గాజుబిళ్ల, అందులో వెంట్రుకంత సన్నటి కాలువ. సిరంజితో బోరునీళ్లూ ఎర్రటి మందూ చుక్క చుక్క పంపితే రెండూ అందులో కలిసేవి. ఫ్లోరైడ్ ఉంటే ఎరుపు వెలిసిపోతుంది. కాలువ గుండా చిన్న పచ్చదీపం వెలుగు పంపి, అవతలికి ఎంత చేరిందో మీటరులో చూసేవారు. అంకె పెద్దదైతే ఆ నీళ్లు తాగకూడదు.

సార్ ఎవరినీ ఊరికే నమ్మేవారు కాదు, తన మీటరును అసలే. అర్ధవీడు నుంచి ఎవరైనా సీసాతో వస్తే, "ఇవి మీ బోరువేనా, పక్కోళ్లవా?" అని రెండుసార్లు అడిగేవారు. "నీళ్ల మీద పేరుంటదా సార్!" అని వాళ్లు నవ్వేవాళ్లు. చూసిన ప్రతి అంకెనూ బలపంతో పలక మీద రాసేవారు, పలక నిండాకే కడిగేవారు. ఒకసారి నేను తప్పు అంకెను తుడవబోతే చెయ్యి పట్టుకున్నారు.

"తప్పయితే గీత కొట్టు అమ్మాయ్, తుడవద్దు. తుడిస్తే నన్ను నేనే నమ్మను."

అలాంటి మనిషి, మా నాయన సీసా తెచ్చిన రోజు, మొదటి అంకె రాసి అరచేత్తో తుడిచేశారు. అప్పట్లో వీధికంతా నీళ్లిచ్చేది మా బోరొక్కటే.

"ఏంది సార్ తుడిచినారు? మా నీళ్లు ఫెయిలైనాయా?" అన్నాడు నాయన నవ్వుతూ.

"లేదన్నా, కాలువలో గాలిబుడగ పడి వెలుగు ఎక్కువ పోయింది."

తర్వాత రాసిన మూడు అంకెలూ చిన్నవే. "పాసైనాయి పో. రేపట్నుంచి మా ఇంటికీ ఒక బిందె," అన్నారు. తుడిచిన అంకె పెద్దదని నేను చూశాను. బుడగ మాత్రం నాకు కనబడలేదు. మీటరు ముఖం ఆయన వైపే ఉంది. నేను అడగలేదు.

మూడేళ్ల కిందట బోరు ఎండిపోయేదాకా ఆ నీళ్లే సారూ తాగారు. నిజం చెప్పారనడానికి అది సాక్ష్యమా, తనకు తాను వేసుకున్న శిక్షా? నాయన ఇప్పుడు మోకాళ్లు మడవలేడు. వయసూ కావచ్చు, నీళ్లూ కావచ్చు అన్నాడు డాక్టరు. "సార్ చూసి చెప్పినంక ఇంకేం అనుమానం?" అంటాడు నాయన. ఆ అంకె సంగతి నాయనకు నేను చెప్పలేదు.

నేనిప్పుడు కెమిస్ట్రీ చెబుతున్నాను. పిల్లలను తప్పు అంకె తుడవనివ్వను. సార్ నేర్పిన చదువే అది. అదే చదువు సార్ మీదికి తిరిగింది.

కర్మ అయ్యాక సార్ భార్య ఆ పలక తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీకిమ్మన్నారమ్మా. కడగొద్దని మరీ మరీ చెప్పినారు."

కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టి చూశాను. కడిగినా పోని బలపం గీతలు, గీత మీద గీత, ఏళ్ల తరబడి అంకెలు. మాది ఏదో దొరకలేదు. సార్ ఆ రోజు అబద్ధం చెప్పారో లేదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. పలక కిటికీలోనే ఉంది. దుమ్ము పడుతోంది. తుడవడానికి చెయ్యి రావడం లేదు.