దస్తీ వేసిన సీటు, నాలుగు చైనా దారులు

పోచంపల్లి నుంచి చైతన్యపురికి నేను వెళ్లింది ఉద్యోగం కోసం. అక్కడి ఒక కోచింగ్ సెంటర్‌లో ఎం.ఏ. ఫిలాసఫీ ఎంట్రన్స్‌కు పాఠం చెప్పే మనిషి కావాలన్నారు. ముందు డెమో క్లాసు చెప్పాలి. అంశం ప్రాచీన చైనా తత్వశాఖలు. అంతకుముందు రెండు చోట్ల డెమోలు చెప్పి పిల్లలకు నిద్ర తెప్పించి వచ్చాను. ఇదీ పోతే మామయ్య చీరల కొట్లో కూర్చోవాలని ఇంట్లో తేల్చేశారు.

ఉదయం ఏడింటి బస్సు. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, కాబట్టి యుద్ధమంతా సీటు కోసమే. బస్సు ఆగకముందే కిటికీలోంచి దస్తీ, అదే చేతిరుమాలు, ఒక సీటు మీదికి విసిరాను. మా దగ్గర దస్తీ పడిందంటే సీటు రిజిస్ట్రేషన్ అయినట్టే. తీరా ఎక్కి చూస్తే దాని మీద ఒక ముసలమ్మ హాయిగా కూర్చుని ఉంది.

“అవ్వా, అది నా సీటు. దస్తీ ఏసిన” అన్నాను.

“దస్తీకి మోకాళ్ల నొప్పులుంటయా బిడ్డా?” అంది.

ఇక బస్సంతా తీర్పులకు దిగింది. వెనక సీటు పెద్దాయన, “పెద్దోళ్లకు జాగ ఇయ్యాలె, గదే మర్యాద” అన్నాడు. కండక్టర్ ఒప్పుకోలేదు. “మర్యాదతోని బస్సు నడుస్తదా? రూల్ రూలే. దస్తీకి టికెట్ కొట్టలే నేను.” పూలబుట్ట ఒళ్లో పెట్టుకున్న ఒకామె, “మనోళ్లు, పరాయోళ్లు అని ఏముంది? అందరు అలిసినోళ్లే. సగం దూరం ఈమె, సగం దూరం ఆమె” అంది. తలుపు దగ్గర నిలబడ్డాయన మాత్రం నవ్వాడు. “ఎందుకు పరేషాన్ అక్కా? ఇటు రా, నిలబడితె గాలొస్తది.”

మూతి ముడుచుకుని వెళ్లి అక్కడ నిలబడ్డాను. గాలి నిజంగానే బాగుంది. అబ్దుల్లాపూర్‌మెట్ దాటుతుంటే తట్టింది, వారం నుంచి బట్టీపడుతున్న నాలుగు శాఖలూ ఈ బస్సులోనే ఉన్నాయని.

చైతన్యపురి వెళ్లేవాళ్లు ఎల్బీనగర్‌లోనే దిగి మెట్రో ఎక్కండి, ట్రాఫిక్ తప్పుతుంది. నేనూ అక్కడే ఇడ్లీ తిని మెట్రో ఎక్కాను. పది గంటలకు క్లాసు. కాగితాలు సంచిలోంచి తీయకుండా దస్తీ గొడవతోనే మొదలుపెట్టాను. పెద్దాచిన్నా మర్యాదతో లోకం నిలుస్తుందనేది కన్ఫ్యూషియన్ దారి. మంచితనాన్ని నమ్ముకోకుండా చట్టాన్ని, శిక్షను నమ్మేది చట్టవాదం. పూలామె మాటలో ఉన్నది మోహిజం, తనా పరా లేని సమప్రేమ. తలుపు దగ్గరాయనది తావో, పట్టు వదిలి ప్రకృతి పోకడతో సాగడం. అంతే, సీటు దస్తీదా అవ్వదా అని పిల్లలు రెండు జట్లయి వాదించుకున్నారు.

“మరి మీరు ఏ పార్టీ మేడం?” అని ఒకమ్మాయి అడిగింది.

“సీటు దొరికిన రోజు చట్టం, దొరకని రోజు తావో” అన్నాను. క్లాసు గొల్లుమంది.

వెనక బెంచీలో కూర్చుని విన్న సెంటర్ డైరెక్టర్‌ది గుంటూరు వైపు. “సోమవారం నుంచి వచ్చేయండమ్మా. డెమోలో మా పిల్లలు నోరు తెరవడం ఇదే మొదటిసారి చూస్తున్నాను” అన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో తిరుగు బస్సు ఎక్కాను. పేర్లయినా తెలియని ఆ నలుగురికీ, నా సీటులో కూర్చున్న అవ్వకూ మనసులోనే దండం పెట్టుకున్నాను. వాళ్లు పోట్లాడకపోతే నా చదువు నా నోటికి వచ్చేది కాదు. కొత్తపేట దాటాక ఇంటికి ఫోన్ చేశాను.

“ఏమైందే?” అంది అమ్మ, భయంభయంగా.



“సోమారం సంది నాకు పొద్దుగాల్నే సద్ది కట్టాలె అమ్మా” అన్నాను.