రత్నమ్మగారు ఉంచమన్న జానెడు

పార్శిల్ విప్పగానే గంజి వాసన గుప్పుమంది. పామర్రు దగ్గర, రత్నమ్మగారి మగ్గం మీద నేసిన చీర. ఆవిడ లేరన్న సంగతి ఇవాళే తెలిసినట్టు అనిపించింది.

నేతవాళ్ళ దగ్గర నేరుగా చీరలు కొనుక్కునేవాళ్ళ కోసం, విజయవాడలో కూర్చుని ఫోన్‌లో ఒక గ్రూపు నడుపుతుంటాను. ఒక ఏడాది వానలకు రత్నమ్మగారి ఊళ్ళో మగ్గాల గుంటల్లోకి నీళ్ళొచ్చాయి. గ్రూపులో అడిగితే జనం దండిగా ఇచ్చారు. మగ్గాలన్నీ బాగయ్యాక కూడా డబ్బు మిగిలింది. ఏం చేద్దామంటే, హోటల్లో అందరం కలిసి భోంచేసి నేతవాళ్ళకు శాలువాలు కప్పుదామని ఎక్కువమంది ఓటేశారు. నిజం చెప్పొద్దూ, ఒక శాలువా నాకూ పడుతుందని లోపల్లోపల మురిసిపోయాను.

పిలవడానికి వెళ్ళేసరికి రత్నమ్మగారు వేళ్ళకు బూడిద అద్దుకుంటూ మగ్గం మీద పోగులు అతుకుతున్నారు. శాలువా మాట వినగానే ఫక్కున నవ్వారు.

"బట్ట నేసేవాళ్ళకి బట్ట కప్పుతారా అమ్మాయ్! ఇటు చూడు. చీరలయిపోయాక ఈ నిలువు పోగుల పడుగంతా కోసేస్తామా? ఇదిగో, ఈ దువ్వెనలాంటి అచ్చులో జానెడు ఉంచేస్తాం. కొత్త పడుగు పోగూ పోగూ దీనికే అతుకుతాం. ఇదీ కోసేశామనుకో, మళ్ళీ మొదట్నించీ ఎక్కించుకు చావాలి."

"అయితే?"

"మిగిలిన డబ్బూ అలాగే ఉంచు. ఏ మగ్గం ఎప్పుడు ఆగుద్దో ఎవరికి తెలుసు?"

"నేను తినేశానంటారండీ జనం."

"అంటారు. పడు."

నాకు ఒళ్ళు మండింది. పడేది నేను కదా! బస్సు కంకిపాడు దాటేదాకా ఆవిడను తిట్టుకుంటూనే ఉన్నాను. అయినా ఆవిడ చెప్పిందే గ్రూపులో రాశాను. అనుకున్నంతా అయింది. "అడ్మిన్ గారికి కొత్త గాజులా?" అని రాసింది ఒకావిడ. ఆ పూట నాకు అన్నం సయించలేదు. గ్రూపే మూసేద్దామనుకుంటుండగా అందులోనే రత్నమ్మగారి వాయిస్ మెసేజ్ వచ్చింది, వెనక మగ్గం చప్పుడుతో: "ఉంచమన్నది నేనండీ. తిట్టేదేదో నన్ను తిట్టండి. పిల్ల అన్నం మానేసి కూర్చుంటది." నేను తినలేదని ఆవిడకెలా తెలిసిందో! కాసేపటికి నాకు విడిగా ఫోన్ చేసి, "తిన్నావా?" అని ఒక్క మాట అడిగి పెట్టేశారు.

ఏడాది తిరక్కుండా నిద్రలోనే పోయారావిడ. మగ్గం ఆగిపోయింది. కోడలు దుర్గ తాను నేస్తానంది గానీ, నూలు కొనడానికి చేతిలో ఏమీ లేదు. భయపడుతూనే గ్రూపులో అడిగాను. గాజుల మాటన్న ఆవిడే అందరికంటే ముందు రాసింది, "ఉంచింది అందుకే కదండీ, ఇచ్చేయండి" అని.

నూలు తీసుకుని నేనే వెళ్ళాను. చివరి చీర కోశాక రత్నమ్మగారు ఉంచిన జానెడు, అచ్చులో అలాగే ఉంది, దుమ్ము పట్టి. దుర్గ ఆ దుమ్ము దులిపి, వేళ్ళకు బూడిద అద్దుకుని, అత్తగారి పోగులకు తన పోగులు అతకడం మొదలుపెట్టింది. నేను బయటికొచ్చి ఏడ్చాను.

ఆ పడుగులో మొదటి చీర ఇది. గ్రూపులో ఇప్పుడు ప్రతిసారీ కొంత ఉంచుతున్నాం. కొత్తగా చేరినవాళ్ళు అనే మాటలు అంటూనే ఉంటారు. పడుతున్నాను, అది అలవాటైపోయింది. పడిన పూట మాత్రం ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చుంటాను. తిన్నావా అని ఎవరూ అడగరు.