కోటలో చిక్కిన అక్క

మొన్న పుత్తూరు మీదుగా బస్సులో వస్తుంటే, విరిగిన చేతికి అక్కడ కొత్తగా నాటు కట్టు కట్టించుకున్న ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. ఆకుపసరు వాసన గుప్పుమంది. నా ఎడమ చెయ్యి దానంతట అదే ఒళ్ళోకి ముడుచుకుంది. రెండేళ్ళ కిందట స్కూటరు మీంచి పడి చెయ్యి విరిగిన పుణ్యాన నేనూ అదే కట్టుతో, అదే వాసనతో చిత్తూరులో అక్క ఇంట్లో ఆరు వారాలున్నాను.

అక్క కూతురు ఏర్పేడు దగ్గర చదువుతోంది. ఆదివారాలు ఇంటికొచ్చి, నాకు పొద్దుపోవడానికని ఒక ఆట నేర్పింది. తను కథ చెబుతుంది; అందులో మనకు తలా ఒక వేషం. ఏం చేస్తామో మనం చెప్పాలి, అది నెరవేరుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఒంటి చేత్తో చొక్కా బొత్తాలు పెట్టుకోలేని నేను కత్తి తిప్పే వీరుణ్ణి. బావ వైద్యుడు. అక్క తాళాలు విప్పే గూఢచారి. మొదట్లో వంటింట్లోంచే జవాబులు చెప్పేది. మూడో వారానికి అనపకాయల చేటతో వచ్చి మా మధ్య కూర్చుంది. మా ఇద్దరికంటే బాగా ఆడేది.

ఐదో ఆదివారం. జ్వరాలతో జనం రాలిపోతున్న ఒక ఊరికి మేం మందు చేర్చాలి. పొద్దు గూకేలోగా కొండ కనుమ దాటకపోతే దారి మూసేస్తారు. కోట కావలివాళ్ళను మాటల్లో పెట్టి మమ్మల్ని దాటించిన అక్క వాళ్ళకు దొరికిపోయింది. తెల్లారితే ఉరి. ఏం చేస్తామో తేల్చుకోమని మేనకోడలు మాకు ఫోనులో ఐదు నిమిషాల గడువు పెట్టి, "అమ్మా, నువ్వు చెరలో ఉండావు. మాట్లాడకూడదు" అంది. అక్క తలూపి కాయలు ఒలుస్తూ కూర్చుంది.

బావ ఆలోచించను కూడా లేదు. "ముందు మందు చేరాల. ఆమె సంగతి తర్వాత సూద్దామప్పా."

తప్పు మాటేం కాదు. నా మనసులోనూ అదే ఉంది. కానీ ఆ 'తర్వాత' దగ్గర అక్క వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి.

ఐరాలలో మా ఇంటి వరండా కళ్ళ ముందుకొచ్చింది. అక్క తిరుపతిలో డిగ్రీ మొదటి ఏడు చదువుతుండగా అమ్మకు పక్షవాతం వచ్చింది. "ముందు మీ అమ్మ లేసి తిరగనీ, సదువు సంగతి తర్వాత సూద్దాం" అన్నాడు నాయన. అక్క మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుని గడపలో నిలబడ్డ నన్ను కూడా. నేను తల దించుకుని బడికి పోయాను. అమ్మ లేచి తిరిగేసరికి రెండేళ్ళు పట్టింది. ఈలోగా అక్కకు పెళ్ళయింది.

"ఒక నిమిషమే ఉండాది, మామా" అంది కోడలు.

ఆటేనని తెలుసు. అయినా అక్క వైపే చూశాను. అక్క తలెత్తలేదు. కావాలనే ఎత్తడం లేదనిపించింది.

"నేను వెనక్కి పోతాను" అన్నాను.

బావ నా కట్టు వంక చూసి నిట్టూర్చాడు. "ఆ చెయ్యి పెట్టుకోని ఒక్కడివే యాడికి పోతావు? పద, నేనూ వస్తా."

పాచిక వేశాను. నాలుగు. నా వీరుడి భుజంలో బాణం దిగింది. బావ వేశాడు, అదీ అంతంతమాత్రమే. మూడోసారి నేను వేస్తే పదిహేడు పడింది. తలుపు తెరుచుకుంది, అక్క బయటికొచ్చింది. కానీ పొద్దు గూకింది. కనుమ మూసేశారు. మందు అందక ఆ ఊళ్ళో సగం మంది పోయారని కోడలు గొంతు తగ్గించి చెప్పింది.

అప్పుడు అక్క నోరు విప్పింది. "నన్ను వదిలేసి పోయింటే ఆ ఊరు బతికేది కదరా."

బావ పాచికను అటూ ఇటూ దొర్లిస్తున్నాడు. అక్కే మళ్ళీ, "నువ్వు వస్తావనుకోలేదు" అంది.

"అప్పుడు నేను నోరు తెరవలేదక్కా" అన్నాను.

అక్క చేటలోని గింజలు సమంగా పరిచింది. "నీకప్పుడు పద్నాలుగేండ్లు రా."

ఎప్పుడు అని అక్క అడగలేదు. ముప్పై ఏళ్ళుగా ఇద్దరం ఆ ఒక్క పొద్దుటి దగ్గరే ఆగిపోయి ఉన్నామని, ఇన్నిసార్లు పక్కపక్కన కూర్చుని భోంచేసి కూడా, అంతవరకూ నాకు తెలియలేదు.