తనంతట తానే ఆగిన ఇంజను

మార్కాపురంలో పొదిలి రోడ్డు మీద జిలాని షెడ్డుకు బోర్డు ఉండేది కాదు. గుమ్మం పక్కన ఇనుప తీగకు గుచ్చిన మాడిపోయిన బేరింగుల దండ ఒకటి వేలాడుతుండేది. అదే గుర్తు. గిద్దలూరు నుంచి వచ్చిన లారీవాళ్లయినా, కొనకనమిట్ల నుంచి ట్రాక్టరు తోలుకొచ్చిన రైతులయినా "దండ షెడ్డు ఏది?" అని అడిగితే టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూనే గడ్డంతో చూపించేవాడు. ఆయిల్ చూసుకోకుండా ఇంజను నడిపి తెచ్చిన ప్రతివాడి బేరింగూ ఆ దండలో చేరేది. "ఇది నీదే నాయనా. మా దగ్గర భద్రంగా ఉంటది. ఇటు వచ్చినప్పుడల్లా చూసి పో" అనేవాడు జిలాని. అది తిట్టో పలకరింపో తెలియక వాళ్లు నవ్వేసి పోయేవాళ్లు.

ఆయన కన్నుమూశాక షెడ్డు ఖాళీ అయింది, దండ పాత ఇనుములో కలిసింది. ఆ మనిషి తలపుకొస్తే మాత్రం షెడ్డు కన్నా ముందు ఒక పలక గని, దాని గట్టున నల్లటి పాత డీజిలింజను, వానకు ముందటి ఉక్క గుర్తుకొస్తాయి.

జిలాని పుట్టింది పామూరులో. వాళ్ల నాయన రాగి గిన్నెలకు కళాయి వేసేవాడు. ఇంటింటా స్టీలు గిన్నెలు చేరి ఆ పని పోవడంతో కొడుకు గిద్దలూరు లారీ షెడ్డులో పని నేర్చుకున్నాడు. పని వచ్చిన కొద్దీ జిలానికి ఒక అసంతృప్తి మొదలైంది. ఇంజను చచ్చాక బతికించడం అందరికీ తెలుసు. చావకుండా చూడటం ఎవరికీ పట్టదు. "గొర్రె చచ్చినాక తోలు వలిచేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. కాసేవాడే దొరకడు" అనేవాడు.

ఆయిల్ గురించి ఆయన పట్టింపు ఎంతటిదంటే, పెళ్లికి పోయినా బయట ఆగి ఉన్న జనరేటరు కడ్డీ తీసి, ఆయిల్ చూసి, తుడిచి పెట్టి గానీ లోపలికి వెళ్లేవాడు కాదు. భార్య జహరాబీ ఇంట్లో పలకలకు చెక్క చట్రాలు బిగించేది. చేతిలో సుత్తి ఆపకుండానే దెప్పేది: "ఊళ్లో ఇంజన్లన్నిటికీ నూనె ఉందా లేదా అని అడుగుతారు. నా పొయ్యి మీద బాణలికి ఉందా అని ఒక్కనాడన్నా అడిగినారా?"

ఆ వేసవిలో రోశమ్మ షెడ్డుకు వచ్చింది. రాయి చీల్చడంలో చెయ్యి తిరిగిన మనిషి. యజమాని వదిలేసిపోయిన ఒక చిన్న గనిని ఆమె, మరికొన్ని కుటుంబాలు కలిసి కౌలుకు తీసుకున్నారు. గని నిండా ఏళ్లనాటి నీళ్లు. అక్కడికి కరెంటు లేదు. మూతపడిన వేరే గని నుంచి ఒక పాత ఇంజను తెచ్చి తోడుతున్నారు. వానలు పడేలోపు అడుగు కనపడితే రాయి తీయొచ్చు. కనపడకపోతే అందరూ బెంగుళూరు మేస్త్రి వెంట కట్టడం పనులకు పోవాల్సిందే.

"ఇంజను పట్టేసిందన్నా" అంది రోశమ్మ. "సగం నీళ్లు తోడినాక పట్టేసింది. ఊట మళ్లీ ఎక్కుతుండాది."

జిలాని పోయి విప్పి చూశాడు. ఆయిల్ గొట్టానికి వెంట్రుకంత పగులు. ఇంజను అదురుకు ఆ పగులు నోరు తెరిచింది. ఆయిలంతా మట్టిలోకి పోయింది. ఆయిల్ తోపు చూపే గేజి ముల్లు కిందికి పడిపోయింది. పడిపోయిందని చూసేవాళ్లు లేరు. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా ఆడే ఇంజను ముందు ముల్లును చూస్తూ ఎవరు కూర్చుంటారు? ఆయిల్ లేక బేరింగు కాలి, కరిగి, లోపల తిరిగే క్రాంకును కరుచుకుపోయింది.

ఆయన ఇంజను బాగుచేయడంతో ఊరుకోలేదు. లేతు మీద బొటనవేలంత ఇత్తడి సిలిండరు చేశాడు. అందులో చిన్న పిస్టను, వెనక స్ప్రింగు. ఇంజనులోని ఆయిల్‌ను సన్న గొట్టంతో దానిలోకి తెచ్చి, పిస్టను కొసను డీజిలు ఆపే మీటకు తగిలించాడు.

"ఆయిల్ తోస్తున్నంతసేపు ఈ మీట ముందుకుంటది. తోపు తగ్గిందా, స్ప్రింగు వెనక్కి గుంజి డీజిలు బంద్ చేస్తది. ఇంజను తనంతట అదే ఆగిపోతది" అని చెప్పాడు.

"ఆగిపోతే నీళ్లెట్ల తోడాల అన్నా?" అంది రోశమ్మ.

"ఆగిన ఇంజను మళ్లీ నడుస్తదమ్మా. పట్టేసింది నడవదు."

ఇంజను చూసుకునే రంగనాయకులు ఆ ఇత్తడి ముక్క చుట్టూ తిరిగి చూశాడు. జిలాని కన్నా పెద్దవాడు. ఇద్దరిదీ మామా అల్లుళ్ల వరస. "ఏంది అల్లుడా ఇది? కోడలు కాస్త తేడాగా నడిస్తే రెక్క పట్టి కూచోబెట్టేట్టుండాదే! ఇంజనుకు అత్తను తెచ్చినావా?"

ఆ పేరే నిలిచింది. తర్వాతి కాలంలో ఎక్కడెక్కడి ఇంజన్లకో జిలాని అలాంటివి బిగించాడు. రైతులు షెడ్డుకొచ్చి "మాకూ ఒక అత్తను పెట్టు మామా" అని మొహమాటం లేకుండా అడిగేవాళ్లు.

కానీ మొదటి అత్త ఓడిపోయింది. నీళ్లు మళ్లీ సగానికి దిగేసరికి ఇంజను మళ్లీ పట్టేసింది.

జిలాని వెళ్లేసరికి గట్టు మీద జనం ఉన్నారు. "జిలాని చెయ్యి పెట్టిన ఇంజను" అని వెనక ఎవరో మెల్లగా అన్నారు. ఆయన వినిపించుకోనట్టే వంగి చూశాడు. అడుగున ఆయిల్ వడకట్టే జాలీ మురికితో పూడుకుపోయింది. పంపు ఆయిల్ లాగలేకపోయింది. అయితే ఆ క్షణంలోనే అత్త ఇంజను ఆపి ఉండాలి. ఎందుకు ఆపలేదు? టార్చి వేసి చూస్తే మీట వెనక సందులో ఒక పలక పెచ్చు బిగుసుకుని ఉంది.

ఆ ప్రాంతంలో పలక పెచ్చు లేని పని లేదు. మంచం కోడు ఎగుడుదిగుడైతే పెచ్చు. కుండ మీద మూతకు పెచ్చు. గొర్రెల దొడ్డి తడిక గాలికి కొట్టుకోకుండా పెచ్చు. చేతికందే వస్తువు అదే, కాణీ ఖర్చు లేదు.

"ఎవరు పెట్టినారు ఇది?"

"నేనే" అన్నాడు రంగనాయకులు, దాచకుండా. "ఇంకా ఆయిల్ ఎక్కకముందే, మొదట్లోనే నీ అత్త మీట పట్టుకుని గుంజుతది. ఒక చేత్తో పైన వాల్వు ఎత్తి పట్టాల. ఒక చేత్తో హ్యాండిలు తిప్పాల. ఇంగ మీట పట్టుకునేదానికి మూడో చెయ్యి మీ నాయన ఇస్తాడా? పెచ్చు పెట్టినా."

"ఇంజను అందుకున్నాక తీసేయొచ్చు గదా మామా!"

"తీసేదే రోజూ. ఆ పొద్దు మరిచిపోయినా. మనిషిని, మరుపు రాదా?"

జిలానికి ఒళ్లు మండింది. ముసలాయన్ను నాలుగు మాటలు అన్నాడు. రంగనాయకులు తక్కువ తినలేదు. "ఈసారి పట్టేసిందంటే నీ బేరింగుల దండ నీ మెడలోనే వేసి మేళంతో ఊరేగిస్తాం, పో!" అన్నాడు. రోశమ్మ గనిలో పైకి పాకుతున్న నీళ్ల వైపు చూస్తూ నిలబడింది. గని కౌలుకు తీసుకున్నవాళ్లలో ఇద్దరు అప్పటికే బెంగుళూరు మేస్త్రితో ఫోన్లో మాట్లాడుతున్నారు.

ఇంటికొచ్చి జిలాని అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయాడు. జహరాబీ పెరట్లోంచి చట్రాలు బిగించిన పలకలను రెండు చేతులా గుండెకు ఆనించుకుని తెస్తోంది. ఆ ఇంటి తలుపు వాలు తలుపు, వదిలితే మూసుకుంటుంది. అందుకని తలుపుకూ గుమ్మానికీ మధ్య ఒక పెచ్చు ఇరికించింది. లోపలికి వస్తూ దారి చాలక నడుముతో తలుపును ఇంకొంచెం తోసింది. సందు పెద్దదై పెచ్చు జారి నేల మీద పడింది.

"మళ్లీ పెట్టు" అన్నాడు జిలాని.

"ఏంది పెట్టేది?"

"ఆ పెచ్చు. మళ్లీ పెట్టి మళ్లీ తోయి."

జహరాబీ పలకలు దించి ఆయన వైపు అనుమానంగా చూసింది. "ఎండలో తిరగొద్దని చెప్పినా, విన్నారా!" అంది. అయినా పెట్టింది. తోసింది. పెచ్చు పడింది. మూడోసారి ఆయనే లేచి పెట్టి, ఆయనే తోసి, పడిన పెచ్చును చూసి పెద్దగా నవ్వాడు. ముసలాయన తప్పు చేయలేదు. రెండు చేతులవాడికి మూడు చేతుల పని పెట్టింది తాను. పెచ్చు పెట్టొద్దని ఊరంతటికీ చెప్పలేం. పెట్టిన పెచ్చు తనంతట రాలిపోయేట్టు చేయగలం.

మీట వెనక సందుకు అడుగున ఉన్న రేకును కోసేశాడు. సందు గోడలను అద్దంలా నున్నగా ఆకురాయి పట్టాడు. పిస్టను ఇంకాస్త ముందుకు పోయేట్టు చేశాడు. ఇప్పుడు మొదలుపెట్టేటప్పుడు పెచ్చు ఇరికిస్తే మీట వెనక్కి రాకుండా ఆగుతుంది. ఆయిల్ ఎక్కగానే పిస్టను మీటను ఇంకో వేలెడు ముందుకు తోస్తుంది. సందు విచ్చుకుని పెచ్చు కింద పడుతుంది. అక్కడి నుంచి అత్త చేతికి అడ్డు లేదు.

చిక్కు క్రాంకుతో వచ్చింది. పాతది సాన పట్టినా పనికిరానంతగా గీరుకుపోయింది. అదే రకం ఇంజను జిలాని షెడ్డులో ఒకటుంది, కరెంటు పోయినప్పుడు లేతు తిప్పేది. దాని క్రాంకు ఊడదీసి గనికి పట్టుకెళ్లాడు.

"ఇది కూడా పోతే?" అని అడిగింది జహరాబీ.

"పోదు."

"పోతే?"

"పోతే మనమూ బెంగుళూరు బండెక్కుదాం, రోశమ్మ పక్కన సీటు" అన్నాడు. జహరాబీ నవ్వలేదు.

ఇంజను మొదలైంది. రంగనాయకులు పెచ్చు పెట్టి హ్యాండిలు తిప్పితే, కాసేపటికి అది టక్కున రాయి మీద పడింది. "పడింది! అత్త లేచింది!" అని ఆయనే అరిచాడు. నీళ్లు దిగసాగాయి. పాత ఉలి గుర్తులు వరసగా బయటపడుతున్నాయి. మబ్బులు నల్లమల మీద కాచుకుని ఉన్నాయి.

అడుగు రేపో మాపో కనపడుతుందనగా, మిట్టమధ్యాహ్నం ఫోను.

"అల్లుడా" అన్నాడు రంగనాయకులు. గొంతులో ఎకసెక్కం లేదు. "ఆగిపోయింది. నేను గట్టవతల నీళ్లు పోయే కాలువ చూస్తుండా. ఉన్నట్టుండి సద్దు లేదు. నువ్వు రా."

జిలాని మోపెడ్డు మీద బయలుదేరాడు. మామూలుగా రోడ్డు మలుపు దగ్గరికే ఆ ఇంజను డుబడుబలు వినిపించేవి. ఇప్పుడు తన బండి చప్పుడు తప్ప ఏమీ లేదు. గట్టు మీద అందరూ ఉన్నారు. రోశమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జిలాని మోకాళ్ల మీద కూర్చుని ముందు వాసన చూశాడు. మాడు వాసన లేదు. ఇంజను ఒంటి మీద అరచెయ్యి ఆనించాడు. వేడిగా ఉంది, కాలేంత కాదు. అప్పుడు చూశాడు: ఆయిల్ గొట్టం బిగింపు దగ్గర తెగి వేలాడుతోంది, కింద మట్టి నల్లగా తడిసి ఉంది. మీట వెనక్కి వచ్చి ఉంది. సందులో పెచ్చు లేదు.

"మామా, హ్యాండిలు నువ్వు తిప్పు" అన్నాడు.

"నేనా? పట్టేసిన ఇంజన్ను తిప్పి నా నడుము విరగ్గొట్టుకోవాలనా?"

"తిప్పు మామా."

రంగనాయకులు లుంగీ ఎగ్గట్టి, పళ్లు బిగబట్టి, బలమంతా పెట్టి లాగాడు. హ్యాండిలు ఎంత తేలిగ్గా తిరిగిందంటే ఆయన అదుపు తప్పి ముందుకు తూలాడు. మళ్లీ తిప్పాడు. మళ్లీ. చక్రం వెన్నలో వేలు తిరిగినట్టు తిరిగింది.

"తిరుగుతుండాది! ఒరే, తిరుగుతుండాదిరో! చావలా!"

గట్టంతా ఒక్కసారి గోలెత్తిపోయింది. ఎవరో ఈల వేశారు. రోశమ్మ జిలాని భుజం మీద రెండు చేతులతో కొట్టింది, ఏడుస్తూ, నవ్వుతూ. "ఆగితే మళ్లీ నడుస్తదంటివే అన్నా! అట్లనే ఆయె గదా!" ఇంజను నడిస్తే సంబరపడ్డ రోజులు జిలాని బతుకులో చాలా ఉన్నాయి. ఇంజను ఆగినందుకు పదిమంది కేకలు వేయడం అదే మొదలు.

తెగిన గొట్టం తీసి, అదురుకు పగలకుండా రబ్బరు హోసు బిగించాడు. కొత్త ఆయిల్ పోశాడు. రంగనాయకులు నేల మీద ఏరి ఏరి ఒక మంచి పెచ్చు తెచ్చి సందులో పెట్టాడు. హ్యాండిలు తిరిగింది. ఇంజను దగ్గింది, అందుకుంది. జనమంతా ఆ చిన్న రాతిముక్కనే చూశారు. అది కదిలింది, వంగింది, రాలిపోయింది. మళ్లీ కేకలు.

మర్నాడు పొద్దు ఎక్కేసరికి గని అడుగు బయటపడింది. నల్లగా, తడిగా, తళతళమంటూ. రోశమ్మ అందరికన్నా ముందు దిగి, బురద చేత్తో తుడిచి, ఉలి ఆనించి సుత్తితో రెండు దెబ్బలు వేసింది. బండ పొరగా విచ్చుకుంది.

"అన్నా, దిగిరా! రాయి చూడు, నెమలి మెడ లెక్క ఉండాది!"

జిలాని చెప్పులు విడిచి మెట్లు దిగాడు. చల్లటి రాతి మీద వట్టి కాళ్లతో నిలబడి తల ఎత్తి చూస్తే, చాలా ఎత్తున గట్టు, దాని అంచున ఇంజను పొగ. పైనుంచి రంగనాయకులు తొంగి చూశాడు.

"అల్లుడా! పైపులో గాలే వస్తుండాది. నీళ్లు అయిపోయినై. ఏం చేద్దాం?"

"ఆపు మామా" అని కేకేశాడు జిలాని. "ఈసారికి అత్తతో పని లేదు. నువ్వే నీ చేత్తో ఆపు."

ఇంజను నిదానంగా, తీరుబడిగా ఆగింది. ఆ నిశ్శబ్దంలో గని అడుగున ఒకటి తర్వాత ఒకటిగా ఉలి దెబ్బలు మొదలయ్యాయి.